దూరాన ఉన్న బిడ్డకి ఇస్తున్నాం సరే... మన బిడ్డ ఏం నేర్చుకుంటున్నాడు?



దానం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాం. "మేం ఇవ్వడం సరే, మా పిల్లలకి ఇచ్చే గుణం ఎలా వస్తుంది?" అని. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో దీనికి ఒక రెడీమేడ్ జవాబు ఉంది. ఏదో ఒక సంస్థ వెబ్‌సైట్‌లోకి వెళ్లి, ఒక బిడ్డ ఫొటో చూసి, నెలనెలా ఇంత అని ఆటో డెబిట్ పెట్టేయడం. ఆ బిడ్డ కెన్యాలో ఉండొచ్చు, ఫిలిప్పీన్స్‌లో ఉండొచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు కుటుంబమైతే, ఆ బిడ్డ మన అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండొచ్చు. ఫొటో రాగానే ఫ్రిజ్ మీద అంటిస్తాం. "చూడు నాన్నా, ఈ తమ్ముడిని మనమే చదివిస్తున్నాం" అని మన వాడికి చెబుతాం.

మంచి పనే, అందులో అనుమానం లేదు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. రోజూ పాల కోసం ఫ్రిజ్ తలుపు తీస్తూ ఆ ఫొటో చూసే మన పిల్లవాడి మనసులో ఏం నాటుకుంటోంది? ఇవ్వడమా? లేక "మేం ఇచ్చేవాళ్లం, వాళ్లు పుచ్చుకునేవాళ్లు" అనే లెక్కా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకటి దానం, ఇంకొకటి దర్పం. ఈ రెండింటి మధ్య తేడా పిల్లలకి ఎలా చెప్పాలి అన్నదే ఈ రోజు మన విషయం.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

ముందు కొంచెం చరిత్ర. 1919 నాటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది గానీ, ఓడిపోయిన జర్మనీ, ఆస్ట్రియాల్లో పిల్లలు ఆకలితో అల్లాడుతున్నారు. అప్పుడు లండన్‌లో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ, ఎముకల గూడులా ఉన్న ఆస్ట్రియా పిల్లల ఫొటోలతో కరపత్రాలు అచ్చువేసి ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచిపెట్టారు. పోలీసులు అరెస్టు చేశారు. కోర్టు 5 పౌన్లు జరిమానా వేసింది. ఆవిడ మీద కేసు వాదించిన ప్రాసిక్యూటరే ఆ 5 పౌన్లు ఆవిడ చేతిలో పెట్టాడని చెబుతారు. అదే ఏడాది ఆవిడా, ఆవిడ చెల్లెలు డొరతీ బక్స్‌టన్ కలిసి 'సేవ్ ద చిల్డ్రన్' మొదలుపెట్టారు. ఒక దాత ఒక బిడ్డ బాధ్యత తీసుకునే పద్ధతి ఆ తొలి రోజుల్లోనే వచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆవిడ ఎవరి పిల్లల కోసం అడిగింది? నిన్నటిదాకా తన దేశంతో యుద్ధం చేసిన శత్రుదేశాల పిల్లల కోసం! ఆకలికి పాస్‌పోర్ట్ ఉండదన్న మాట.

ఆ తర్వాత 1937లో, స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన పిల్లల కోసం జాన్ లాంగ్డన్-డేవిస్ అనే బ్రిటిష్ జర్నలిస్టు మొదలుపెట్టిన పథకమే ఇవాళ్టి 'ప్లాన్ ఇంటర్నేషనల్'. 1950లో 'వరల్డ్ విజన్', 1952లో కొరియా అనాథల కోసం 'కంపాషన్' వచ్చాయి. 1972లో బ్రిటన్‌లో 'యాక్షన్ ఎయిడ్' 88 మంది దాతలు, 88 మంది పిల్లలతో మొదలైంది. ఆ 88 మంది పిల్లలు ఏ దేశాల వాళ్లో తెలుసా? భారతదేశం, కెన్యా.

అంటే యాభై ఏళ్ల కిందట ఫ్రిజ్ మీది ఫొటోలో ఉన్నది మన పిల్లలే. ఇవాళ గచ్చిబౌలిలో కూర్చుని మనం ఇంకొకరి ఫొటో ఎంచుకుంటున్నాం అంటే, అది మన గొప్ప కాదండీ. కాలం ఒక చక్రం తిరిగింది, అంతే. ఈ ఒక్క మాట మన పిల్లలకి చెబితే చాలు, సగం గర్వం అక్కడే కరిగిపోతుంది.

మనకీ ఒక పద్ధతి ఉండేది

స్పాన్సర్‌షిప్ అనే మాట లేనప్పుడు మన తెలుగు ఊళ్లలో 'వారాలు' ఉండేవి. మీ తాతగారినో ముత్తాతగారినో అడిగి చూడండి. చదువుకోవడానికి పట్నం వచ్చిన పేద కుర్రాడికి హాస్టల్ ఉండేది కాదు, డబ్బు ఉండేది కాదు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అలా వారమంతా ఏడు ఇళ్లలో భోజనం. 'వారాలబ్బాయి' అనేవారు. అలా వారాలు చేసుకుని చదువుకుని పెద్దవాళ్లయిన వాళ్లు మన తెలుగునాట ఎందరో.

ఆ పద్ధతిలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఎక్కువగా అది ఒక కులం గడప దాటలేదు. కొన్ని ఇళ్లలో ఆ కుర్రాడికి అవమానాలూ తప్పలేదు. కానీ ఒక్క మంచి విషయం ఉంది. ఆ ఇంటి పిల్లలు వారాలబ్బాయిని కళ్లారా చూసేవారు. అమ్మ వాడికి నెయ్యి వేసిందా లేదా, నాన్న వాడిని పేరు పెట్టి పిలిచాడా లేక "ఒరేయ్" అన్నాడా, అన్నీ చూసేవారు. దానం అంటే ఏమిటో వాళ్లకి ఎవరూ క్లాసు పీకలేదు. విస్తరి దగ్గరే నేర్చుకున్నారు.

కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు వినే ఉంటారు. 1841లో పుట్టి 1909 వరకు జీవించిన తల్లి. గోదావరి దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళ కూడా వండి పెట్టిందనే మనం ఇప్పటికీ ఆవిడని తలుచుకుంటున్నాం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టింది. ఆవిడ దగ్గర తిన్నవాళ్లెవరూ ఆవిడకి థ్యాంక్యూ లెటర్ రాయలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు.

నచికేతుడు చూస్తూనే ఉన్నాడు

పిల్లలకి దానం నేర్పడం గురించి మన దగ్గర ఉన్న గొప్ప కథ కఠోపనిషత్తులో ఉంది. అందరూ దాన్ని మృత్యువు గురించిన కథ అనుకుంటారు. కానీ అది మొదలయ్యేది ఒక దానంతో.

వాజశ్రవసుడు యాగం చేస్తున్నాడు. ఉన్నదంతా దానం చేయాలి. ఆవులు తోలుకొస్తున్నారు. ఎలాంటి ఆవులు? గడ్డి మేయడం, నీళ్లు తాగడం, పాలు ఇవ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవులు. అది పక్కన నిలబడి ఒక చిన్న పిల్లవాడు చూస్తున్నాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా వాడికి అర్థమైపోయింది, ఇది దానం కాదు, వదిలించుకోవడం అని. అప్పుడు వాడు అడిగిన ప్రశ్న మీకు తెలుసు. "మరి నన్ను ఎవరికిస్తావు నాన్నా?" ఒకసారి కాదు, మూడుసార్లు. తండ్రికి కోపం వచ్చింది. "నిన్ను యముడికి ఇస్తాను" అనేశాడు.

ఎందుకు అంత కోపం? పిల్లవాడు అద్దం చూపించాడు కాబట్టి.

మన ఇళ్లలోనూ నచికేతులు ఉన్నారండీ. జిప్ పోయిన స్కూల్ బ్యాగు, మాసిపోయిన స్వెటర్ మూటగట్టి "అనాథాశ్రమానికి ఇచ్చేద్దాం" అని మనం అంటున్నప్పుడు వాళ్లు చూస్తున్నారు. ఒకవైపు వేల మైళ్ల దూరంలో ఉన్న బిడ్డకి నెలనెలా డబ్బు పంపుతూ, ఇంకోవైపు మన ఇంట్లో పనికి వచ్చే అక్కకి వేరే గ్లాసులో టీ పోస్తున్నప్పుడు కూడా చూస్తున్నారు. ఆ అక్క కూతురు బడి మానేసిందని తెలిసి మనం టాపిక్ మార్చినప్పుడు కూడా చూస్తున్నారు. ఫ్రిజ్ మీది ఫొటో చెప్పే పాఠం, సింక్ పక్కన విడిగా పెట్టిన ఆ గ్లాసు చెప్పే పాఠం... రెండూ ఒకే వంటింట్లో ఉన్నాయి. పిల్లలు దేన్ని నమ్ముతారంటారు? రోజూ చూసేదాన్నే నమ్ముతారు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు"

ఈ సామెత మనకి తెలిసిందే కదా. ఇప్పుడు నిజాయితీగా చూడండి. నెలనెలా వెళ్లే డబ్బు ఎవరిది? నాన్నది, లేదా అమ్మది. పిల్లవాడి అకౌంట్‌లోంచి ఒక్క రూపాయి పోలేదు. వాడికి తగ్గింది ఏమీ లేదు. అయినా స్కూల్లో "నేను ఒక అబ్బాయిని స్పాన్సర్ చేస్తున్నాను" అని చెప్పుకుంటాడు. తప్పు వాడిది కాదు, అలా చెప్పుకునే వీలు మనమే ఇచ్చాం.

ఇవ్వడం అంటే మన దగ్గర ఏదో కొంచెం తగ్గాలి. హోమంలో నెయ్యి వేసిన ప్రతిసారీ "న మమ" అంటారు, ఇది నాది కాదు అని. నాది అయినదాన్ని నాది కాదు అనుకోవడమే అక్కడ సాధన. ముందే నాది కానిదాన్ని నాది కాదు అంటే అందులో సాధన ఏముంది?

కాబట్టి పిల్లల వంతు అంటూ ఒకటి ఉండాలి. అది పది రూపాయలైనా చాలు, వంద కానక్కర్లేదు. కానీ అది వాడి పది రూపాయలు అవ్వాలి. సంక్రాంతికి తాతయ్య ఇచ్చిన డబ్బులోంచి కొంత, పుట్టినరోజుకి రెండు కేకులు బదులు ఒకటి, నెలకి ఒకసారి పిజ్జా మానేయడం... ఏది మానాలో వాడే ఎంచుకోవాలి. మనం బలవంతంగా లాక్కుంటే అది పన్ను అవుతుంది, దానం అవ్వదు. వాడు "ఈ నెల ఇవ్వను" అంటే తిట్టకండి. ఇవ్వకపోయే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఇవ్వడానికి విలువ. కాకపోతే, "అయితే ఈ నెల నీ వంతు ఎవరు వేస్తారు?" అని ఒక్క మాట అడగండి. ఆ ఖాళీ వాడికి కనిపించాలి.

అలాగని అతి కూడా వద్దు. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంటి ఈఎంఐ కట్టలేని స్థితిలో గొప్పకి పోయి స్పాన్సర్‌షిప్ తీసుకుని, ఆరు నెలలకి ఆపేస్తే, అక్కడ ఒక బిడ్డ "వాళ్లు నన్ను ఎందుకు వదిలేశారు?" అనుకుంటుంది. తక్కువ ఇవ్వండి, ఎక్కువ కాలం ఇవ్వండి.

పై చెయ్యి, కింది చెయ్యి

పోతన గారి భాగవతంలో బలి చక్రవర్తి ఘట్టం గుర్తుందా? శుక్రాచార్యుడు వద్దన్నా బలి వినడు. లక్ష్మీదేవిని తాకిన ఆ విష్ణువు చెయ్యి కింద ఉండగా తన చెయ్యి పైన ఉండడం కంటే ఏం కావాలి అని మురిసిపోతాడు. ఎంతో గొప్ప ఘట్టం. భక్తీ ఉంది, మాట మీద నిలబడే ధైర్యమూ ఉంది. కానీ నాకు అందులో ఒక సున్నితమైన హెచ్చరిక కూడా వినిపిస్తుంది. ఇచ్చేటప్పుడు మన చెయ్యి పైన ఉంటుంది. ఆ ఎత్తు ఎంతటివాడికైనా కాస్త మత్తు ఎక్కిస్తుంది. ఆ మూడో అడుగు వచ్చి తల మీద పడేదాకా దానం పూర్తి కాలేదు. ఆస్తిని ఇచ్చాక చివరికి ఇవ్వాల్సింది ఆ తలనే, అంటే 'నేను ఇచ్చాను' అన్న ఆ నేనునే.

తైత్తిరీయోపనిషత్తులో చదువు పూర్తయిన శిష్యుడికి గురువు ఇచ్చే ఉపదేశం ఉంది కదా, అందులో దానం ఎలా చేయాలో చెబుతూ ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి ఉంటుంది. సిగ్గుతో ఇవ్వాలట! పుచ్చుకునేవాడు సిగ్గుపడాలని కాదు, ఇచ్చేవాడు సిగ్గుపడాలి. ఎందుకు? అవసరం ఇంత ఉంటే నేను ఇచ్చింది ఇంతే కదా అని. ఈ ఒక్క భావం మన పిల్లలకి పట్టుబడితే ఇంకేం కావాలి చెప్పండి.

ఇక స్నేహంగా ఇవ్వడం ఎలాగో నేర్పాలంటే కుచేలుడి కథ చెప్పండి. కృష్ణుడు ఏం చేశాడు? స్నేహితుడి చేత నోరు తెరిచి అడిగించలేదు. "నీ పరిస్థితి బాగోలేదటగా" అని సభలో అనలేదు. పైగా వచ్చినవాడి దగ్గరే "నాకేం తెచ్చావు?" అని అడిగి, చిరిగిన గుడ్డలోని అటుకులు లాక్కుని తిన్నాడు. అంటే ముందు కుచేలుడిని ఇచ్చేవాడిని చేశాడు! ఆ తర్వాతే తను ఇచ్చాడు. అది కూడా చెప్పకుండా. కుచేలుడికి ఇల్లు చేరాక గానీ తెలియలేదు.

ఇప్పుడు ఇది స్పాన్సర్‌షిప్ ఉత్తరాలకి అన్వయించుకుందాం. మామూలుగా మన పిల్లలు ఏం రాస్తారు? "మా డాడీ నీకు డబ్బులు పంపిస్తున్నారు. బాగా చదువుకో." ఇది పై చెయ్యి ఉత్తరం. దానికి బదులు, "నాకు లెక్కలంటే భయం. నీకు ఏ సబ్జెక్ట్ కష్టం? మీ ఊళ్లో వాన ఎప్పుడు పడుతుంది? మీరు ఆడే ఆట ఒకటి నాకు నేర్పవా?" అని రాస్తే? ఆ బిడ్డ తన దగ్గర ఉన్న అటుకులు ఇస్తుంది. మన వాడు పుచ్చుకుంటాడు. పుచ్చుకోవడం రానివాడికి ఇవ్వడం ఎప్పటికీ పూర్తిగా రాదు.

ఒకవేళ అటు నుంచి జవాబు రాకపోతే? రాకపోవచ్చు. ఆ బిడ్డకి పరీక్షలు ఉండొచ్చు, రాయడం ఇష్టం లేకపోవచ్చు. "నాకు థ్యాంక్యూ ఎందుకు చెప్పలేదు?" అని మన వాడు అడిగిన రోజే అసలు పాఠం మొదలవుతుంది. భగవద్గీత 17వ అధ్యాయంలో మూడు రకాల దానాలు చెప్పారు. తిరిగి ఏమీ చేయలేనివాడికి, ఇవ్వడం ధర్మం కాబట్టి ఇచ్చేది సాత్వికం. బదులు కోరుతూనో, ఫలం ఆశిస్తూనో, లోపల ఏడుస్తూనో ఇచ్చేది రాజసం. చులకనగా, మర్యాద లేకుండా ఇచ్చేది తామసం. థ్యాంక్యూ కూడా ఒక బదులే కదా నాన్నా, అని అప్పుడు చెప్పొచ్చు. ఎనిమిదేళ్ల పిల్లలకి కూడా ఇది అర్థమవుతుంది.

ఇక్కడ ఇంతమంది ఉండగా అక్కడికెందుకు?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

1971లో పీటర్ సింగర్ అనే తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. అప్పుడు తూర్పు బెంగాల్ నుంచి లక్షలమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చి ఆకలితో ఉన్నారు. ఆయన వాదన చాలా సింపుల్. మీ పక్కనే చెరువులో ఒక పసిబిడ్డ మునిగిపోతుంటే బట్టలు తడుస్తాయని ఆగుతారా? ఆగరు. మరి ఆ బిడ్డ పక్కన లేకుండా వేల మైళ్ల దూరంలో ఉంటే బాధ్యత ఎలా తగ్గుతుంది? దూరం అనేది కారణం కాదు అంటాడు ఆయన.

మన గీతేమో దేశం, కాలం, పాత్ర మూడూ చూడమంది. పాత భాష్యాల్లో దేశం అంటే కురుక్షేత్రం లాంటి పుణ్యస్థలం, కాలం అంటే సంక్రాంతి లాంటి పుణ్యకాలం అని వివరించారు. ఆ స్ఫూర్తిని ఇవాళ్టికి తెచ్చుకుంటే, అవసరం ఎక్కడుందో అదే సరైన చోటు, అవసరం ఎప్పుడుందో అదే సరైన వేళ అని నేను అనుకుంటాను.

అయితే దూరానికి ఒక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. సౌకర్యం ఏంటంటే, అక్కడి బిడ్డ మనకి తిరిగి ఏమీ చేయలేదు. మన ఇంటికొచ్చి పని చేయదు, ఓటు వేయదు, మన గురించి ఊళ్లో గొప్పగా చెప్పదు. కాబట్టి సాత్విక దానానికి అది మంచి అవకాశం. ప్రమాదం ఏంటంటే, దూరం ఉన్నవాళ్లని ప్రేమించడం చాలా తేలిక. వాళ్లు మన సోఫా మీద కూర్చోరు. మన టైమ్ అడగరు. మన అలవాట్లు మార్చుకోమనరు.

అందుకే నా జవాబు ఇది: అక్కడా ఇవ్వండి, ఇక్కడా ఇవ్వండి. ఇక్కడ ఇచ్చేది అక్కడ ఇచ్చేదానికి పరీక్ష. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అబ్బాయి మన వాడి పుట్టినరోజుకి వస్తాడా? వస్తే గేటు దగ్గర నిలబడతాడా, కేకు దగ్గర నిలబడతాడా? దీనికి సరైన జవాబు ఉన్న ఇంట్లో మాత్రమే ఫ్రిజ్ మీది ఫొటో నిజం చెబుతుంది.

మతం సంగతి కూడా మాట్లాడుకుందాం

మన వాళ్లలో చాలామందికి మనసులో ఉండే అనుమానం ఇది. ఈ సంస్థల్లో కొన్ని క్రైస్తవ సంస్థలు కదా అని. అవును, వరల్డ్ విజన్, కంపాషన్ ఆ నేపథ్యంలోంచి వచ్చినవే. వాళ్లు అది దాచిపెట్టరు. కంపాషన్ స్థానిక చర్చిల ద్వారానే పని చేస్తుంది. విదేశీ నిధుల విషయంలో కేంద్ర ప్రభుత్వ ఆంక్షల తర్వాత 2017లో ఆ సంస్థ మన దేశంలో పని ఆపేసింది. సేవ్ ద చిల్డ్రన్, ప్లాన్ లాంటివి మతంతో సంబంధం లేని సంస్థలు. మీరు ఎవరికి ఇస్తున్నారో తెలుసుకుని ఇవ్వడం మీ హక్కు.

కానీ అదే కొలత మనకీ వర్తిస్తుంది అని మర్చిపోకూడదు. అన్నం పెట్టి విశ్వాసం అడగడం తప్పు అని మనం అనుకుంటే, మనం పెట్టే అన్నానికి కూడా ఆ బిడ్డ మన భజన పాడాలన్న షరతు ఉండకూడదు. గీత చెప్పిన 'బదులు కోరకపోవడం'లో ఇది కూడా ఉంది. ఆకలితో ఉన్న బిడ్డ దగ్గర వసూలు చేసే దేన్నైనా వ్యాపారం అనే అంటారు, అది దేవుడి పేరు మీద అయినా సరే. మన పిల్లలకి మన ధర్మం గొప్పదని చెప్పాలంటే ఇంతకంటే మంచి మార్గం లేదు. "మనం ఇస్తాం, ఏమీ అడగం" అని చూపించడమే.

ఇంతకీ ఆ డబ్బు పని చేస్తుందా?

తెలివితో ఇవ్వాలి అని కూడా ఆ తైత్తిరీయమే చెప్పింది. కాబట్టి లెక్కలు చూద్దాం. 2013లో బ్రూస్ వైడిక్, పాల్ గ్లూ, లెయిన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం అచ్చువేశారు. భారత్, కెన్యా, ఉగాండా, గ్వాటెమాలా, బొలీవియా, ఫిలిప్పీన్స్... ఈ ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలు తీసుకుని, చిన్నప్పుడు కంపాషన్ స్పాన్సర్‌షిప్ అందుకున్నవాళ్లనీ, అందుకోనివాళ్లనీ పోల్చారు. అందుకున్నవాళ్లు సుమారు 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు. హైస్కూల్ చదువు పూర్తి చేసినవాళ్లు కూడా వాళ్లలో ఎక్కువ. ఒక ఏడాది అంటే చిన్న విషయం కాదండీ. పదో తరగతి ముందు ఆగిపోవడానికీ, దాటడానికీ మధ్య ఉండేది ఆ ఒక్క ఏడాదే.

ఇంకోవైపు కూడా ఉంది. 1998లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఈ రంగం మీద పెద్ద పరిశోధన చేసింది. కొన్ని సందర్భాల్లో బిడ్డ చనిపోయిన తర్వాత కూడా దాతల దగ్గర డబ్బు తీసుకున్నారని బయటపెట్టింది. అలాగే చాలా సంస్థల్లో మీ డబ్బు నేరుగా ఫొటోలోని బిడ్డ చేతికి వెళ్లదు. ఊరి బడికి, మంచినీళ్లకి, ఆరోగ్యానికి కలిపి ఖర్చు పెడతారు. అది మోసం కాదు. నిజానికి ఆ బిడ్డ ఒక్కడికే కొత్త చెప్పులు ఇచ్చి పక్కింటి బిడ్డని చూస్తూ ఉండమనడం కంటే అదే మంచిది. కానీ ఆ విషయం మీకు, మీ పిల్లలకి ముందే తెలియాలి.

కొన్ని ప్రాక్టికల్ విషయాలు. ఇండియాలో ఉండి ఇక్కడి సంస్థకి ఇస్తే పన్ను మినహాయింపు ఉందేమో చూసుకోండి, అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. విదేశీ సంస్థకి నేరుగా పంపితే ఆ మినహాయింపు రాదు. అమెరికాలో ఉండి మన దేశంలోని పిల్లలకి పంపే వాళ్లు, ఇక్కడ డబ్బు అందుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాలన్నీ ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి. ఆడిట్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో పెట్టని సంస్థ ఎంత ముద్దొచ్చే ఫొటో పెట్టినా కంగారుపడకండి.

మరి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

ఐదారేళ్ల పిల్లలకి మతాలు, దేశాలు, పేదరికం గురించి పెద్ద ఉపన్యాసం వద్దు. దేవుడి గదిలో చిన్న హుండీ ఒకటి పెట్టండి. తినే ముందు పక్కవాడికి పెట్టడం అలవాటు చేయండి. ఆ వయసుకి అదే చాలు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక ఆ బిడ్డ ఉండే దేశాన్ని మ్యాప్‌లో చూపించండి. వాళ్లు ఏం తింటారు, ఏ భాష మాట్లాడతారు, ఏ పండగలు చేసుకుంటారు అని కలిసి వెతకండి. "పాపం" అనే మాట వాడకుండా ఆ బిడ్డ గురించి ఐదు వాక్యాలు చెప్పమనండి. ఇది మీకు కూడా కష్టంగానే ఉంటుంది, ప్రయత్నించి చూడండి.

పన్నెండేళ్లు దాటాక అసలు ప్రశ్నలు మాట్లాడండి. ఆ దేశం ఎందుకు పేదగా ఉంది? మనం ఎందుకు కాస్త మెరుగ్గా ఉన్నాం? అది మన ప్రతిభ వల్లేనా? సంస్థని ఎంచుకునే పని, ఆడిట్ చదివే పని వాళ్లకే ఇవ్వండి. వద్దు అనే హక్కు కూడా ఇవ్వండి.

ఏ వయసులో అయినా ఒక్క నియమం మాత్రం తప్పకండి. ఆ బిడ్డ ఫొటోని స్టేటస్‌లో, రీల్స్‌లో పెట్టకండి. మన బిడ్డ ఫొటో కింద "వీళ్లకి మేం ఫీజు కడుతున్నాం" అని ఎవరైనా రాస్తే మనకెలా ఉంటుంది? సంక్రాంతికి గుమ్మడికాయలో నాణెం దాచి ఇచ్చే గుప్తదానం మన ఇళ్లలో ఉంది కదా. ఆ నాణెం ఎందుకు దాస్తారో పిల్లలకి చెప్పండి. ఇచ్చినవాడి పేరు కనపడకపోతేనే పుచ్చుకున్నవాడి తల ఎత్తుగా ఉంటుంది.

అలాగే ఒక రోజు ఈ స్పాన్సర్‌షిప్ ముగుస్తుంది. ఆ బిడ్డ పెద్దదవుతుంది, చదువు పూర్తవుతుంది, లేదా కుటుంబం వేరే ఊరు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏమైందో మనకి తెలియకపోవచ్చు. ఆ రోజు మన పిల్లలు "ఇప్పుడు వాడు ఎలా ఉన్నాడో!" అని ఒక్కసారి అనుకున్నారంటే, "మనం ఎంత ఖర్చు పెట్టాం?" అని అడగలేదంటే, మీరు నేర్పాల్సింది నేర్పేశారు.

ఈ వారం పిల్లలతో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. "మనకి ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం ఇచ్చారు?" అని. చదువు చెప్పిన టీచర్ దగ్గర్నుంచి, రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్ వేసి వెళ్లే అన్న దాకా లిస్టు రాయించండి. ఆ లిస్టు పూర్తయ్యాక, ఇవ్వడం గురించి మాట్లాడండి.

శుభమస్తు.